బిషాన్ ఇంటి పైకప్పు

సింగపూర్లో బిషాన్ అనే పేటలో నేనొకప్పుడు ఉన్న ఇంట్లో వంటగది పైకప్పు పెచ్చు ఊడి, పొయ్యి మీదున్న పప్పులో పడిందని ఒక శనివారం పొద్దున ఫోనొచ్చింది. అప్పుడు నేను మా టాంపినీస్ పేట లైబ్రరీలో ఉన్నాను. మా అమ్మాయి పుస్తకాలు ఏరుకుంటోంది. ఫోన్ చేసింది ఆ ఇంట్లో ఇప్పుడు ఉంటున్న నలుగురమ్మాయిల్లో పెద్దది. కర్నూలు నుంచి వచ్చి ఇక్కడ పీహెచ్‌డీ చేస్తోంది.

"ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా?" అన్నాను, ముందు అదే నోటికొచ్చింది.

"లేదక్కా. చిన్నమ్మాయి పొయ్యి కాడ్నే నిలబడుండె. కరివేపాకు తీసుకుందామని ఫ్రిజ్ కాడికి పోయింది, ఇంతలోకే పడింది. ఇంగ రెండు నిమిషాలు ముందైతే తల మీదే పడేది." మళ్ళీ తనే, "ఇంకోటి కూడా ఉందక్కా. ఓనరాంటీ ఇల్లు ఖాళీ చేయమంది" అంది.

ఆ ఇల్లు మాది కాదు. మాలో ఎవరి పేరు మీదా లేదు. తొమ్మిదో అంతస్తులో, ప్రభుత్వం కట్టి అమ్మిన మూడు పడగ్గదుల పాత ఫ్లాట్, ఒక చైనీస్ ఆంటీది. చాలా ఏళ్ళ కిందట ఒక తెలుగమ్మాయి రీసెర్చ్ చేయడానికొచ్చి అందులో అద్దెకి దిగింది. తను ఇంకో అమ్మాయిని తెచ్చుకుంది, ఆ అమ్మాయి ఇంకొకర్ని. అప్పట్నుంచీ ఆ ఇల్లు తెలుగమ్మాయిలు లేకుండా ఒక్క నెల కూడా లేదు. చదువైపోయి వెళ్ళిపోయేవాళ్ళు వచ్చేవాళ్ళని వెతికిపెట్టి వెళ్ళాలి. బట్టలూ పుస్తకాలూ తప్ప గిన్నెలూ, కుక్కరూ, పరుపులూ ఏవీ పట్టుకెళ్ళకూడదు. ఎవరూ రాసిపెట్టలేదు గానీ అందరం పాటించాం. ఇప్పుడు ఆ ఇంట్లో ఉండి వెళ్ళినవాళ్ళం ఇరవైమందికి పైనే ఉంటాం. సగంమంది సింగపూర్లోనే ఉద్యోగాలు చేసుకుంటూ కాపురాలు పెట్టుకున్నాం.

నా సంగతి చెప్తాను. నేను ఒంగోలు నుంచి వచ్చిన కొత్తల్లో ఒక గది అద్దెకి తీసుకున్నాను. వంట చేయకూడదని షరతు. నీళ్ళు మాత్రం కాచుకోవచ్చు. రెండు వారాలు బ్రెడ్డూ, అరటిపళ్ళూ, క్యాంటీన్లో దొరికిన వేపిన అన్నమూ తిన్నాను. ఒకరోజు యూనివర్సిటీ బస్సులో అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ, రోజూ పప్పన్నం వండుకుంటున్నానని అబద్ధం చెప్తున్నాను. వెనక సీట్లో కూర్చున్న ఒకామె అంతా విన్నదట. నేను ఫోన్ పెట్టేయగానే భుజం తట్టి, "వంటగది ఉందా అసలు?" అంది. ఆ సాయంత్రమే నన్ను బిషాన్ తీసుకెళ్ళింది. చారూ, వంకాయ కూరా, వేడన్నం. నేను మూడుసార్లు వడ్డించుకుంటే ఎవరూ నవ్వలేదు. తర్వాతి ఆదివారం సూట్‌కేసు తెచ్చేసుకున్నాను. ఆ ఇంట్లో నాలుగేళ్ళున్నాను.

అందుకని కర్నూలు పిల్ల ఫోన్ చేసినప్పుడు, మా అమ్మాయిని మా ఆయనకి అప్పజెప్పి వెంటనే బయల్దేరాను.

వంటగదిలో పొయ్యికి సరిగ్గా పైన, పళ్ళెమంత మేర కాంక్రీటు ఊడిపోయి ఉంది. లోపల ఇనప చువ్వలు ఎర్రగా తుప్పుపట్టి కనిపిస్తున్నాయి. దాని పక్కనే ఒక ప్లాస్టిక్ షీటు చినిగి వేలాడుతోంది. పగులు ఇవాళ్టిది కాదని అది చూసి నాకర్థమైంది.

"ఇది ఎప్పట్నుంచి?" అన్నాను.

కర్నూలు పిల్లే చెప్పింది. పగులు ఆరు నెలల కిందటే వచ్చిందట. పొడి రాలుతుంటే షీటు అంటించారట. ఆంటీకి చెబితే ఖాళీ చేయమంటుందని భయం. ఇవాళ పెచ్చు ఊడాక తప్పనిసరై ఫోటో పంపారు. గంటలో ఆవిడే ట్యాక్సీలో వచ్చేసింది. ఊడిన పెచ్చుని చూసి ఏమీ అనలేదట. షీటు చూసి మాత్రం కళ్ళెర్రజేసిందట. "ఇన్నాళ్ళూ నా దగ్గర దాచారా?" అని ఒక్క మాట అడిగి, రెండు నెలల్లో అగ్రిమెంట్ అయిపోతుంది, మళ్ళీ రాయను, ఇల్లు అమ్మేస్తాను అని చెప్పి వెళ్ళిపోయిందట.

"తప్పు మాదే అక్కా" అంది చిన్నమ్మాయి. ఇక్కడికొచ్చి మూడు నెలలే అయింది. పప్పు గిన్నె ఇంకా సింకులోనే ఉంది. అడుగున సిమెంటు ముక్కలు.

ఆంటీ ఇప్పుడు కూతురి దగ్గర టాంపినీస్‌లోనే ఉంటోంది. మా ఇంటికి రెండు స్టాపుల దూరం. మర్నాడు పొద్దున నేనొక్కదాన్నే వెళ్ళాను. డెబ్భై ఐదు దాటి ఉంటాయి, మోకాళ్ళ నొప్పులు. తలుపు తీసి నన్ను చూడగానే, "ఓ, నువ్వా గర్ల్, తిన్నావా?" అంది. అది ఆవిడ ఎప్పుడూ అడిగే మాటే. ఇక్కడివాళ్ళందరిలాగే మాట చివర ‘లా’ అని తగిలిస్తుంది. బార్లీ నీళ్ళిచ్చి కూర్చోబెట్టింది గానీ, ఇంటి మాటెత్తగానే చెయ్యి అడ్డంగా ఊపింది.

"ఇల్లు ముసలిదైపోయింది లా. నేనూ ముసలిదాన్నైపోయాను. రేపు ఏ పిల్ల తల మీదైనా పడితే, ఇండియాలో వాళ్ళమ్మకి నేనేం సమాధానం చెప్పాలి, నువ్వు చెప్పు."

"మేము బాగుచేయిస్తాం ఆంటీ. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళమంతా ఉన్నాం. మీరు కష్టపడక్కర్లేదు" అన్నాను.

"ఒక చోట పూస్తారు. రేపు ఇంకో చోట పడుతుంది. లోపలెలా ఉందో ఎవరికి తెలుసు? మీరంతా చదువుకున్న పిల్లలే, కానీ దాస్తారు." ఉన్నట్టుండి, "ఆ పొడుగమ్మాయి ఎక్కడుంది?" అని అడిగింది. "నా కుళాయి బాగుచేసేది చూడు. కిటికీ గడియ బిగించింది. ఆ అమ్మాయి వచ్చి, చూసి, భయం లేదంటే అప్పుడు ఆలోచిస్తా. ఆ పిల్ల నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు."

ఆ పొడుగమ్మాయి నా రూమ్మేట్. తొమ్మిదేళ్ళుగా మేమిద్దరం మాట్లాడుకోవడం లేదు.

తనది శ్రీకాకుళం వైపు. వాళ్ళ నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఆయన పక్కన నిలబడి స్పానర్లు అందిస్తూ పెరిగిందట. అందుకే మా ఇంట్లో ఏది పాడైనా తనే విప్పి చూసేది. ఇద్దరం ఒకే ఏడాది చేరాం, ఒకే గదిలో మూడేళ్ళున్నాం. నా మొదటి పేపర్ తిరస్కరించినప్పుడు, నేను ఏడుస్తుంటే ఏమీ మాట్లాడకుండా ఫ్యాన్ విప్పి రెక్కలు తుడుచుకుంటూ కూర్చుంది. తన ఓదార్పు అలాగే ఉండేది.

మూడో ఏడు తన గైడ్ వేరే దేశానికి వెళ్ళిపోయాడు. కొత్త గైడ్ తన పనంతా పక్కనపెట్టి వేరే అంశం మొదలుపెట్టమన్నాడు. అప్పట్నుంచి మెల్లగా మారిపోయింది. రోజూ పొద్దున్నే బ్యాగు వేసుకుని వెళ్ళేది, సాయంత్రం వచ్చేది. ల్యాబ్‌కే వెళ్తోందనుకున్నాం. ఒకరోజు వాళ్ళ ల్యాబ్ అమ్మాయి క్యాంటీన్లో కనిపించి, "మీ ఫ్రెండ్ బాగుందా? ఐదు నెలలైంది చూసి" అంది. ఆ రోజు సాయంత్రం తను రాగానే అడిగాను. ముందు కాదంది. తర్వాత, బిషాన్ పార్కులో కూర్చుంటున్నానని చెప్పింది. "ఎవరికీ చెప్పకు. నేనే చూసుకుంటాను" అని ఒట్టు వేయించుకుంది.

నేను ఒట్టేశాను. కానీ తను సరిగ్గా తినడం మానేసింది. ఇస్త్రీ చేసిన బట్టలు వేసుకుని వెళ్ళి బెంచీ మీద కూర్చుని వచ్చేది. ఒకరోజు చీకటి పడకముందే వచ్చి పడుకుని, "నాకింక ఏ పనీ చేతకాదే" అంది. ఆ మాట అన్న తీరుకి నాకు భయమేసింది. మర్నాడు తన ఫోన్లోంచి నంబరు తీసుకుని వాళ్ళ నాన్నకి ఫోన్ చేశాను. తనకి చెప్పకుండానే.

ఆయన నాలుగో రోజుకల్లా వచ్చారు. కూతురు పట్టా తీసుకునేప్పుడు రావాలని పాస్‌పోర్టు ముందే తీయించి పెట్టుకున్నారట. అదే మొదటిసారి విమానమెక్కడం. తలుపు దగ్గర ఆయన్ని చూసి తను నా వైపు తిరిగిన చూపు నేను మర్చిపోలేదు. ఆయన నాకు చేతులెత్తి దణ్ణం పెట్టబోతే నేనే పట్టుకున్నాను. వారంలో పీహెచ్‌డీ మానేసి ఆయనతో వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు అందరికీ చెప్పింది, నాకు తప్ప.

రెండేళ్ళ తర్వాత తువాస్‌లో ఒక షిప్‌యార్డులో ఉద్యోగమొచ్చి సింగపూర్ తిరిగొచ్చిందని వేరేవాళ్ళు చెప్తే తెలిసింది. మా అందరి వాట్సాప్ గ్రూపులో తన నంబరు ఉంది. ఎప్పుడూ ఒక్క మాట రాయదు. ఒకసారి మెట్రో స్టేషన్లో ఎదురెదురు ఎస్కలేటర్ల మీద కనిపించింది. తను పైకి, నేను కిందకి. నేనే మొహం తిప్పుకున్నాను. నేను చేసింది తప్పో ఒప్పో ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు. మా అమ్మాయి ఎవరిదైనా రహస్యం నాకు చెప్పినప్పుడల్లా అది గుర్తొచ్చేది.

ఆంటీ ఇంటి నుంచి వచ్చి ఆ మధ్యాహ్నమంతా మెసేజ్ రాస్తూ చెరిపేస్తూ కూర్చున్నాను. చివరికి ఫోటోలు పెట్టి, "బిషాన్ ఇల్లు పోయేలా ఉంది. ఆంటీ నిన్ను అడుగుతోంది. ఒకసారి కలవచ్చా?" అని మాత్రం రాశాను. సాయంత్రానికి జవాబొచ్చింది. "మంగళవారం లంచ్ టైమ్‌లో తువాస్ రాగలవా?"

సగంరోజు సెలవు పెట్టాను. టాంపినీస్ నుంచి తువాస్ అంటే సింగపూర్ ఈ చివర నుంచి ఆ చివరకి. గంటన్నర రైల్లో కూర్చుని ఏం మాట్లాడాలో పదిసార్లు తయారుచేసుకున్నాను. స్టేషన్ దగ్గరి క్యాంటీన్లో, నీలం రంగు యూనిఫామ్ వేసుకున్న కార్మికుల మధ్య, తను ముందే వచ్చి కూర్చుని ఉంది. అదే యూనిఫామ్, హెల్మెట్ బల్ల మీద, చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకలు. తయారుచేసుకున్నవన్నీ పోయాయి.

"ఏటి, అలా నిలబడిపోయావు? కూర్చో" అంది.

కూర్చున్నాను. తను ఫోన్లో నా ఫోటోలే పెద్దవి చేసి చూస్తోంది.

"చువ్వ ఎంత లావుంది? సన్నబడిపోయిందా, పైన తుప్పు మాత్రమేనా?"

"నాకు తెలీదు."

"వంటగదిలోనేనా, బాత్రూంలో కూడానా?"

"బాత్రూంలో పగులుంది. ఊడలేదు."

తల ఊపింది. ఓడలకి తుప్పు పట్టకుండా పూతలు వేయించడం తన ఉద్యోగం. అప్పుడే చెప్పింది ఆ సంగతి. "పాత బిల్డింగులన్నిట్లో ఇదే గొడవ. వంట ఆవిరీ, నీళ్ళ చెమ్మా లోపలికెళ్తాయి. ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, కాంక్రీటుని తోసేస్తుంది. మొదట్లోనే చూసుకుంటే చిన్న పని. ఇప్పుడైనా అయ్యేదే. కొట్టి చూస్తే గానీ ఎంత మేర పోయిందో చెప్పలేను."

నేను ధైర్యం చేసి, "నీతో ఇంకో మాట కూడా…" అన్నాను.

"ఇక్కడొద్దు" అంది తను, కోపంగా కాదు. "లంచ్ అరగంటే. ఆదివారం వస్తాను. ఆంటీని కూడా రమ్మను. ఆవిడ ఎదురుగానే చూస్తాను." లేచి, హెల్మెట్ పెట్టుకుని, రెండడుగులేసి మళ్ళీ వెనక్కి తిరిగింది. "నువ్వేం తినలేదు కదా? ఆ మూల కొట్టులో పరోటా బాగుంటుంది. తినేసి వెళ్ళు."

ఆదివారం పది గంటలకి ఆంటీ కూతురితో వచ్చింది. నా స్నేహితురాలు చిన్న సుత్తి తెచ్చింది. తనని చూడగానే ఆంటీ మొహం విప్పారింది. తన మోచెయ్యి పట్టుకుని, "ఇంకా పొడుగయ్యావు లా" అంది. తను నవ్వింది. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ నవ్వు చూశాను.

నిచ్చెనెక్కి పైకప్పుని అడుగడుగునా సుత్తితో చిన్నగా కొడుతూ పోయింది. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, లోపల ఊడిపోయినచోట డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగిన ప్రతిచోటా సుద్దముక్కతో గీత గీసింది. వంటగదీ, బాత్రూమూ, గదులూ, హాలూ. గంటన్నర పట్టింది. మేమంతా మెడలు నొప్పిపుట్టేలా పైకి చూస్తూ నిలబడ్డాం. ఆంటీ కుర్చీలో కూర్చుని ప్రతి దెబ్బా చెవొగ్గి వింది.

కిందికి దిగి, ఆంటీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఇంగ్లీషులో నిదానంగా చెప్పింది. వంటగదిలో మూడు చోట్ల, బాత్రూంలో ఒక చోట పాడైంది. గదులూ హాలూ గట్టిగా ఉన్నాయి. లైసెన్సున్న కాంట్రాక్టర్ చేత డొల్లంతా కొట్టించి, చువ్వలకి తుప్పు గీకించి, పూత వేయించి మళ్ళీ పూడ్పించాలి. పొయ్యి పైన ఆవిరి లాగే ఫ్యాను పెట్టాలి. ఏడాదికోసారి ఇలా కొట్టి చూడాలి. "కొట్టి చూడ్డానికి నేనొస్తాను" అంది.

తర్వాత లేచి అమ్మాయిల వైపు తిరిగి తెలుగులో అంది. "పగులు కనబడ్డ రోజే చెప్పాలమ్మా. చెప్తే ఏమైపోతుందో అని దాస్తాం. దాచేకొద్దీ పెద్దదవుతుంది. నేను కూడా దాచినదాన్నే. అందుకే చెప్తున్నాను."

అమ్మాయిలకి ఆ చివరి మాట అర్థం కాలేదు. నేను మాత్రం పని ఉన్నదానిలా బాల్కనీ వైపు వెళ్ళిపోయాను.

ఆంటీ, కూతురూ చైనీసులో చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి ఆంటీ, "ముందు బాగుచేయండి. అప్పుడు చూస్తా" అంది. ఖర్చంతా మేమే పెట్టుకుంటామంటే ఒప్పుకోలేదు. ఇల్లు నాది, పైకప్పు నాది అంది. చివరికి పైకప్పు ఆవిడ, మిగతాదంతా మేము అని తేలింది.

మిగతాది అంటే చాలానే ఉంది. పెచ్చు ఊడింది కాబట్టి గానీ, లేకపోతే ఎవరమూ చూసేవాళ్ళం కాదు. గోడలకి బూజు పట్టింది. వంటగది అల్మారాల తలుపులు ఉబ్బిపోయి మూసుకోవడం లేదు. పరుపులు ఎవరు కొన్నవో ఎవరికీ గుర్తులేదు. ఎవరికి వాళ్ళం ఆ ఇంటి గురించి పార్టీల్లో ముచ్చట్లు చెప్పుకున్నాం గానీ, ఉద్యోగాలొచ్చాక ఒక్కళ్ళమూ వెళ్ళి తలుపు తట్టలేదు. ఆ సంగతి గ్రూపులో నేనే రాశాను. మెసేజులు వరసపెట్టాయి. నన్ను బస్సులోంచి తీసుకెళ్ళిన అక్క ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఉంది. వీడియో కాల్ చేసి గది గదీ చూపించమంది. అల్మారాలు చూసి, "అయ్యో, ఆ తలుపు నేనున్నప్పుడే ఊగేది" అని నవ్వింది. మర్నాటికి కొత్త ఫ్రిజ్ ఇంటికొచ్చింది. ఇంకొకావిడ పరుపులు పంపింది. సింగపూర్లో ఉన్నవాళ్ళం పెయింట్ మేమే వేస్తామన్నాం.

కాంట్రాక్టర్ పని అయ్యాక వరసగా మూడు ఆదివారాలు వెళ్ళాం. బ్యాంకుల్లోనూ, సాఫ్ట్‌వేర్లోనూ పెద్ద ఉద్యోగాల్లో ఉన్న ఆడవాళ్ళు పాత నైటీలూ టీషర్టులూ వేసుకుని గోడలు గీకారు. నా స్నేహితురాలే మేస్త్రీ. సరిగ్గా గీకకుండా రంగు ముట్టుకుంటే ఊరుకునేది కాదు. "కింద దుమ్ము పెట్టుకుని పైన పూస్తే ఏటవుతుంది? మళ్ళీ ఊడుతుంది. గీకండి" అనేది. కర్నూలు పిల్ల ఆమె వెనకాలే తిరుగుతూ అన్నీ నేర్చుకుంది.

రెండో ఆదివారం మా పాత గదికి రంగు వేసే పని మా ఇద్దరికీ వచ్చింది. ఎవరు పంచారో తెలీదు. నేను రోలర్ పట్టుకున్నాను, తను కిటికీ అంచులకి బ్రష్‌తో వేస్తోంది. కాసేపటికి నేనింక ఆగలేకపోయాను.

"ఒట్టు వేసి తప్పాను. అప్పుడే నీకు క్షమాపణ చెప్పుండాల్సింది" అన్నాను, గోడ వైపే చూస్తూ.

తను బ్రష్ ఆపలేదు. "నాకు చాలా కోపమొచ్చింది" అంది. "నాన్న తలుపు దగ్గర నిలబడితే, సిగ్గుతో చచ్చిపోదామనిపించింది. నువ్వు నన్ను పట్టిచ్చినట్టనిపించింది. ఏళ్ళు పట్టింది ఆ కోపం తగ్గడానికి."

"నాకు భయమేసింది."

"తెలుసు." ఇప్పుడు బ్రష్ డబ్బా మీద పెట్టింది. "ఆ వారం నేనెలా ఉన్నానో నీకు పూర్తిగా తెలీదు. నాన్న రాకపోయుంటే ఏమయ్యేదాన్నో నాకే తెలీదు. ఊరెళ్ళాక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆరు నెలలు మందులేసుకున్నాను. నాన్న రోజూ డిపోకి తీసుకెళ్ళి, స్పానర్ చేతికిచ్చి ఏదో ఒకటి విప్పమనేవారు. అలా మళ్ళీ మనిషినయ్యాను."

నేను గోడకి వీపానించి కింద కూర్చుండిపోయాను. రంగు తడిగా ఉందన్న సంగతి కూడా గుర్తులేదు.

"నువ్వు చెప్పడం మంచిదే అయింది" అంది తను. "కానీ నాకు చెప్పి చేసుండాల్సింది. ‘ఇవాళ మీ నాన్నకి ఫోన్ చేస్తున్నాను’ అని మొహం మీద చెప్పుంటే, తిట్టుకునేదాన్ని గానీ, నీ మీద నమ్మకం పోయేది కాదు. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఒకటి చెప్పకపోతే అబద్ధమవుతుంది."

"అవును" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. తొమ్మిదేళ్ళుగా ఎవరో ఒకరు వచ్చి నేను చేసింది ఒప్పనో తప్పనో తేల్చాలని ఎదురుచూశాను. తను రెండూ అని చెప్పేసరికి గుండెల మీదున్న బరువు దిగిపోయింది. తప్పు తప్పుగానే ఉంది, అయినా తేలిగ్గా ఉంది.

"మరి ఎస్కలేటర్ మీద మొహమెందుకు తిప్పుకున్నావు?" అంది.

"నువ్వు చూశావా!"

"చూడకపోవడమేటి, చెయ్యెత్తాను కూడా. నువ్వు మెట్లు లెక్కపెడుతున్నట్టు కిందకి చూసుకుంటూ పోయావు." నవ్వడం మొదలుపెట్టింది. నేనూ నవ్వాను. నవ్వాపుకోలేక లేవబోతే, నా వీపు ఆనిన చోట గోడ మీద పెద్ద మరక. తను దాన్ని చూసి, "గీకు. మళ్ళీ వెయ్యాలి" అంది, నిజంగానే.

మధ్యాహ్నం హాల్లో నేల మీద పాత పేపర్లు పరుచుకుని అందరం తిన్నాం. ఒకరు పులిహోర, ఒకరు దోసకాయ పచ్చడి, ఆంటీ పంపిన నూడుల్స్. ఎవరు ఏ గదిలో ఉన్నారో, ఎవరు రోజూ అలారం మోగినా లేచేవాళ్ళు కాదో అవన్నీ చెప్పుకుంటుంటే, ఇప్పుడుంటున్న నలుగురూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఈ పెద్ద పెద్ద ఉద్యోగస్తులంతా ఒకప్పుడు ఈ ఇంట్లోనే పరీక్షలు పోయి, పెళ్ళి సంబంధాలు తప్పి, ఇంటిమీద బెంగతో ఏడ్చినవాళ్ళే అని వాళ్ళకి తెలీదు. చిన్నమ్మాయి నా పక్కకి జరిగి, "అక్కా, నాకు ల్యాబ్‌లో ఏమీ అర్థం కావట్లేదు. చెప్పాలంటే భయమేస్తోంది" అని మెల్లగా అంది. ఎదురుగా కూర్చున్న నా స్నేహితురాలు అది వింది. పచ్చడి గిన్నె పట్టుకుని లేచొచ్చి మా మధ్య కూర్చుంది. "ఏ భాగం అర్థం కావట్లేదు? మొదట్నుంచి చెప్పు" అంది.

మూడో ఆదివారం ఆంటీ వచ్చి చూసింది. గది గదీ తిరిగింది, చెయ్యి పెట్టి గోడలు తడిమింది. వంటగదిలో కుర్చీ వేయించుకుని కూర్చుని, సుత్తి ఇమ్మంది. ఆవిడకి పైకప్పు అందదు కదా, నా స్నేహితురాలు నిచ్చెనెక్కి ఆవిడ వేలు చూపించినచోటల్లా కొట్టింది. టంగు, టంగు, టంగు. పొయ్యి పైన రెండుసార్లు కొట్టించింది. తర్వాత కర్నూలు పిల్లని దగ్గరికి పిలిచి, "ఇంకోసారి దాస్తావా?" అని అడిగింది.

"లేదాంటీ. ప్రామిస్."

ఆంటీ సంచీలోంచి అగ్రిమెంట్ కాగితాలు తీసింది. ఇంటి దగ్గరే రాయించి తెచ్చుకుంది! రెండేళ్ళకి. ఆ పిల్ల అక్కడికక్కడే సంతకం పెట్టింది. చిన్నమ్మాయి అయితే వంటగదిలోకి పరిగెత్తి పొయ్యి వెలిగించింది, టీ పెడతానని. ఆంటీ నా వైపు చూసి, "చూశావా, పొడుగమ్మాయిని పిలవమన్నాను కదా" అంది. ఆవిడకి మా ఇద్దరి సంగతీ ఎప్పుడూ తెలీదనే అనుకుంటాను.

ఇప్పుడు ఆ ఇంటికి నెలకోసారి మాలో ఎవరో ఒకరు వెళ్ళాలని పెట్టుకున్నాం. వెళ్ళి పైకప్పు చూడ్డమే కాదు, పిల్లలతో కూర్చుని ఒక పూట తిని రావాలి. చిన్నమ్మాయి గైడ్‌తో మాట్లాడిందట. ఆయనేం కోప్పడలేదట, ఒక సీనియర్‌ని తోడిచ్చాడట.

ఆ అగ్రిమెంట్ రోజు సాయంత్రం నా స్నేహితురాలు బిషాన్ స్టేషన్లో ఒక రైలెక్కింది, నేనింకోటి. టాంపినీస్‌లో దిగి మా ఇంటికెళ్ళే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. చేతులకి రంగు వాసన, భుజాలు నొప్పులు. కళ్ళు మూసుకున్నానో లేదో నిద్ర పట్టేసింది. ఆ బస్సు మా పేటంతా చుట్టి మళ్ళీ బయల్దేరిన చోటికే వస్తుంది. కళ్ళు తెరిచేసరికి ఎక్కిన స్టాండులోనే ఉన్నాను. డ్రైవరు వెనక్కి తిరిగి, "ఆంటీ, ఇంటికెళ్ళరా?" అన్నాడు. మా ఆయన దగ్గర్నుంచి రెండు మిస్డ్ కాల్స్. ఫోన్ చేసి, "నిద్రపోయాను, ఇంకో రౌండ్ తిరిగొస్తున్నా" అన్నాను.